కార్యవర్గం జీతం



మన ఊళ్ళలో జరిగే నాటకోత్సవాల ఆహ్వాన పత్రిక ఒకటి తీసి చూడండి. నాలుగు మడతలుంటే మూడు మడతల నిండా పేర్లే. గౌరవాధ్యక్షులు, అధ్యక్షులు, కార్యనిర్వాహక అధ్యక్షులు, అరడజను మంది ఉపాధ్యక్షులు, ప్రధాన కార్యదర్శి, సంయుక్త కార్యదర్శులు, కోశాధికారి, సలహాదారులు, ప్రత్యేక ఆహ్వానితులు. నాటికలు ఏమిటి, రాసిందెవరు, దర్శకులెవరు అని వెతికితే నాలుగో మడతలో చిన్న అక్షరాల్లో దొరుకుతాయి. జ్యోతి ప్రజ్వలన ఎవరు చేస్తారో ఎర్ర అక్షరాల్లో ఉంటుంది. హార్మోనియం ఎవరు వాయిస్తారో అసలే ఉండదు.

దీన్ని చూసి నవ్వుకోవడం తేలికే. ఒక చిన్న పట్టణంలో నాటక పరిషత్తుకు చాలాకాలంగా పద్దులు రాస్తున్నవాణ్ణి కాబట్టి, నాకు మాత్రం అందులో జీతాల పట్టీ కనిపిస్తుంది. ఆ పేర్ల వాళ్ళెవరికీ పరిషత్తు పైసా ఇవ్వదు. పైగా వాళ్ళే ఇస్తారు, లేదా నలుగురిని అడిగి తెస్తారు. దుకాణం తమ్ముడికి అప్పజెప్పి వస్తారు, ఆఫీసుకు సెలవు పెట్టి వస్తారు. అందుకు వాళ్ళకు ముట్టేది పత్రిక మీద పేరు, వేదిక మీద కుర్చీ, భుజం మీద శాలువా. అంటే గౌరవం. వాళ్ళ జీతం అదే. నేనందులో తప్పు పట్టడం లేదు. పని చేసిన మనిషికి ఏదో ఒకటి ముట్టాలి కదా.

చిక్కెక్కడంటే, డబ్బుకు రసీదు ఉంది, వోచరు ఉంది, ఏడాదికోసారి ఆడిటరు సంతకం ఉంది. గౌరవం ఎవరికెంత ఇచ్చాం, దేనికిచ్చాం, ఎవరి వాటాలోంచి తీసి ఇచ్చాం అనేదానికి ఏ పుస్తకమూ లేదు. కళాసంస్థలు డబ్బుల్లేక మూతపడ్డాయని మనం అంటుంటాం. నేను చూసినంతలో డబ్బు లేకపోతే ఒక ఏడాది ఉత్సవం ఆగుతుంది. సంస్థే ఆగిపోవడం మాత్రం ఎక్కువగా ఈ రెండో లెక్క తప్పినప్పుడు జరుగుతుంది.

పొద్దున వేరే ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం నాటకాన్ని నడిపే మనుషులు మనకు కొత్త కాదు. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు వకీలు. పగలు కోర్టు, సాయంత్రం సరసవినోదినీ సభ. 1880లలో ఆ సభ ప్రదర్శించిన చిత్రనళీయం ఆయన రచనే. అదే ఊళ్ళో కోలాచలం శ్రీనివాసరావు గారు, ఆయనా వకీలే, సుమనోరమ సభ నడిపారు. వీరి తరవాత వచ్చిన బళ్ళారి రాఘవ గారూ ప్లీడరే. రాఘవ ధర్మవరం వారికి మేనల్లుడు, అయినా కోలాచలం వారి నాటకాల్లో వేషాలు కట్టారు. ఒక ఊళ్ళో రెండు సభలు, వాటి మధ్య పోటీ, మేనమామది ఒకటి అయితే మేనల్లుడు రెండో దాంట్లో పాత్ర వేయడం! ఇవాళ మా జిల్లాలో అలా జరిగితే కార్యవర్గ సమావేశం తెల్లవార్లూ సాగుతుంది.

నాటకం బతకడానికి అప్పట్లో ఇంకో రెండు దారులు ఉండేవి. ఒకటి రాజుగారి అండ. 1892లో విజయనగరంలో గురజాడ వారి కన్యాశుల్కాన్ని మొదట ఆడింది జగన్నాథ విలాసినీ సభ. దాని వెనక ఆనంద గజపతి మహారాజు ఉన్నారు. రెండోది సురభి దారి. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామంలో మొదలైన ఆ నాటక సమాజాల్లో తెర లాగేవాడు, వేషం కట్టేవాడు, టిక్కెట్టు చింపేవాడు, పెట్టె తాళం ఉంచుకునేవాడు అందరూ ఒకే ఇంటివాళ్ళు. వాళ్ళకు కార్యవర్గం అక్కర్లేదు, కుటుంబ పెద్ద ఉంటే చాలు.

రాజూ లేక, అలాంటి కుటుంబమూ లేక, నాటకం కావాలని మాత్రం ఉన్న ఊళ్ళు మూడో దారి పట్టాయి. పదిమంది కూడారు, చందాలు వేసుకున్నారు, ఒక పేరు పెట్టుకున్నారు. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ అలాంటిదే. రేలంగి, ఎస్వీ రంగారావు, అంజలీదేవి ముగ్గురూ ఆ క్లబ్బు నాటకాల్లో వేషాలు వేసినవారే. వారి పేర్లు తెలియని తెలుగువాళ్ళు ఉండరు. ఆ రోజుల్లో ఆ క్లబ్బుకు హాలు అద్దె ఎవరు సర్దారో, రిహార్సళ్ళకు పెట్రోమాక్సు లైటు ఎవరింటి నుంచి వచ్చిందో ఎంతమందికి తెలుసు? 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడింది. ఆ తరవాత పరిషత్తు అనేది మన దగ్గర ఒక అలవాటుగా మారింది. పట్టణాలే కాదు, పల్లెకోన, లింగారావుపాలెం లాంటి పల్లెలు కూడా నాటిక పోటీలతో పేరు తెచ్చుకున్నాయి. ఆ పేరు వెనక ఉన్నది రైతులు, టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, రిటైరైనవాళ్ళు.

వీళ్ళు చేసే పని ఏమిటో బయటివాళ్ళకు చాలావరకు తెలియదు, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. ముందు పోటీల ప్రకటన వేయాలి. ఎంట్రీలు వస్తాయి. వాటిలో ఆడదగినవి ఏవో తేల్చడానికి ప్రాథమిక పరిశీలన ఉంటుంది. ఇద్దరు ముగ్గురు మనుషులు ఊరూరూ తిరిగి, ఎవరి డాబా మీదో, ఏ స్కూలు గదిలోనో, మేకప్పూ సెట్టూ లేకుండా ఆడే నాటికలు చూసి మార్కులు వేయాలి. ఎంపిక కాని సమాజానికి ఫోన్ చేసి ఆ మాట చెప్పడం పరిషత్తు పనులన్నిట్లోకీ కష్టమైనది. అందుకే ఆ పని అందరూ కార్యదర్శి మీదికి నెడతారు.

ఆ తరవాత విడిది. ఒక్కో సమాజంలో డజను మందికి తక్కువ ఉండరు. సెట్టు ఇంకో వ్యానులో వస్తుంది. కల్యాణ మండపంలో గదులు చూడాలి. ఆ రోజుకు పెళ్ళి ముహూర్తం లేకుండా ఉండాలి, అంటే ఉత్సవం తేదీని నిర్ణయించేది ఒక విధంగా పంచాంగమే. పొద్దున్నే వేణ్ణీళ్ళు, మధ్యాహ్నం భోజనం, మేకప్ గదిలో అద్దం, అద్దం ముందు వెలుతురు. నటీమణులకు తలుపు గడియ పడే బాత్రూము. ఈ చివరి సంగతి ఎన్నో చోట్ల ఎవరికీ గుర్తు రాదు. గుర్తొచ్చేది కార్యవర్గంలో ఆడవాళ్ళున్న చోటే. కరెంటు పోతే జనరేటరు, జనరేటరుకు డీజిలు. న్యాయనిర్ణేతలు ముగ్గురు పొరుగు జిల్లాల వాళ్ళై ఉండాలి, వాళ్ళు కూర్చునే చోటికి ఎవరూ వెళ్ళి ముచ్చట్లు పెట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, నాటిక అయిపోయి, సెట్టు విప్పి, వ్యాను ఎక్కే సమాజం చేతిలో ఆ రాత్రే పారితోషికం కవరు పెట్టడం. రేపు పంపిస్తామంటే కుదరదు. వ్యాను డ్రైవరు రేపటిదాకా ఆగడు. నా వరకు పరిషత్తు మంచిదో కాదో చెప్పే పరీక్ష ఆ కవరే.

ఈ పనులన్నీ చేసేది పత్రిక మీద పేరున్న ముప్పై మందిలో నలుగురైదుగురు. వాళ్ళతో పాటు పత్రిక మీద పేరే లేని మరికొందరు ఉంటారు. మైకుసెట్టు కుర్రాడు, హైస్కూలు అటెండరు, వంట మేస్త్రి. గౌరవం ఒక చోట పేరుకుపోయి, పని ఇంకోచోట పేరుకుపోతే ఏమవుతుందో మీరు ఊహించగలరు. పనిచేసేవాళ్ళు ఒక్కొక్కరే తప్పుకుంటారు. గొడవపడి వెళ్ళరు. 'ఈసారి కొంచెం పనుంది' అంటారు.

ఈ గౌరవం ఖర్చు ఎలా పడుతుందో ఒక సాయంత్రం లెక్క చెబుతాను. 2000 సంవత్సరంలో కేంద్రం తెచ్చిన శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట మైకు వాడకూడదు. పండుగలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు గానీ, అదీ ఏడాదికి 15 రోజులకు మించకూడదు. తెల్లవార్లూ పద్యనాటకం చూసి, కోడి కూశాక దుప్పటి దులుపుకొని ఇంటికెళ్ళిన తరం ఇంకా బతికే ఉంది. ఇప్పుడు పది గంటలు హద్దు. ఆరున్నరకు తెర తీస్తే చేతిలో ఉన్నది మూడున్నర గంటలు. గంటకు కొంచెం తక్కువగా మూడు నాటికలు, మధ్యలో సెట్టు మార్చుకోవడానికి వ్యవధి. సరిగ్గా సరిపోతుంది.

కానీ ఆరున్నరకు తెర లేవదు. సభ ఉంటుంది. ముఖ్య అతిథి ఏడింటికి వస్తారు. వేదిక మీద పదిహేను కుర్చీలు. ఒక్కొక్కరికి బొకే, ఒక్కొక్కరికి శాలువా, ఒక్కొక్కరివి 'రెండే రెండు మాటలు'. ఆ గంటన్నర ఎవరి ఖాతాలోంచి పోయింది? మూడో నాటిక ఖాతాలోంచి. మధ్యాహ్నం నుంచి మేకప్ వేసుకుని కూర్చున్న నటుడు ఖాళీ కుర్చీల ముందు, పోలీసు కానిస్టేబుల్ గేటు దగ్గర గడియారం చూసుకుంటుండగా, డైలాగులు పరిగెత్తిస్తాడు. ఆ నాటికకు బహుమతి రాలేదంటే న్యాయనిర్ణేతలను తిట్టుకుంటాడు పాపం. వాళ్ళేం చేస్తారు, వాళ్ళకూ నిద్ర వస్తుంది కదా.

బహుమతుల దగ్గర ఇంకో ముడి ఉంది. కార్యదర్శి గారికి సొంత నాటక సమాజం ఉంటుంది. ఉండటం సహజమే, నాటకం పిచ్చి లేనివాడు ఆ పదవికి ఎందుకొస్తాడు? అయితే తన పరిషత్తులో తన సమాజం పోటీ పడవచ్చా? పడకూడదని రాసుకున్న పరిషత్తులు ఉన్నాయి. రాసుకోనివాటిలో ఇచ్చి పుచ్చుకోవడాలు నడుస్తాయని నటులంతా గుసగుసగా చెప్పుకుంటారు. నీ పరిషత్తులో నాకు ఉత్తమ ప్రదర్శన, నా పరిషత్తులో నీకు. అది ఎంతవరకు నిజమో పక్కన పెట్టినా, అలా అనుకోవడానికి సందు ఇవ్వడమే కార్యవర్గం చేసే నష్టం. బాగా ఆడి గెలిచినవాడి బహుమతి మీద కూడా అనుమానం నీడ పడుతుంది.

స్మారక బహుమతులదీ ఒక కథ. ఎప్పుడో ఒక దాత తండ్రి పేరుమీద కొంత డబ్బు డిపాజిట్ చేస్తాడు, దాని వడ్డీతో ఏటా ఒక షీల్డు ఇవ్వమంటాడు. ఆనాటి వడ్డీకి షీల్డు వచ్చేది, పైన చిల్లర మిగిలేది. ఇవాళ వడ్డీ రేట్లు తగ్గాయి, షీల్డు ధర పెరిగింది. తేడా పరిషత్తు భరిస్తుంది. పేరు మాత్రం దాతదే. ఆయన కొడుకు వచ్చి స్వయంగా బహుమతి అందించి, తండ్రి గురించి పావుగంట మాట్లాడతాడు. ఈ లెక్క సర్వసభ్య సమావేశంలో పెట్టబోతే 'వద్దు లెండి, బాగుండదు' అన్న మాటే వినపడుతుంది. డిపాజిట్ పెంచమని ఆ కుటుంబాన్ని మర్యాదగా అడగవచ్చు. అడిగితే చాలామంది పెంచుతారు కూడా. అడగాలంటే మాత్రం అడిగేవాడికి వేదిక మీద కుర్చీ మీద ఆశ ఉండకూడదు.

గౌరవం కోసం సంస్థలు ఎంతదూరం పోతాయో, ఎలా తిరిగి దారిలో పడతాయో చూడాలంటే తిరువయ్యారు వెళ్ళాలి. త్యాగరాజస్వామి 1847లో గతించారు. తెలుగులో పాడుకున్న ఆ మహానుభావుడి ఆరాధనను తమిళదేశంలో శిష్యుల పరంపర కొనసాగించింది. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకాల్లో అది రెండు వర్గాలుగా చీలింది. పెరియ కచ్చి, చిన్న కచ్చి. అంటే పెద్ద పక్షం, చిన్న పక్షం. రెంటిలోనూ విద్వాంసులే, భక్తులే. జీతం ఎవరికీ లేదు. అంత భక్తి ఉన్నవాళ్ళు ఒకే సమాధి దగ్గర ఒకే గురువుకు వేరువేరుగా ఉత్సవాలు చేశారు. ఒక విషయంలో మాత్రం రెండు పక్షాలూ ఏకమాటగా ఉండేవి, ఆడవాళ్ళు సమాధి ముందు పాడకూడదని.

ఆ సమాధి అప్పటికి పాడుబడి ఉంది. 1920లలో దాన్ని బాగు చేయించి, మందిరం కట్టించింది బెంగళూరు నాగరత్నమ్మ గారు. దేవదాసీ కుటుంబంలో పుట్టి, కచేరీలతో సంపాదించుకున్న తన సొంత డబ్బుతో కట్టించారు. ఆమె కట్టించిన మందిరం దగ్గర ఆమెనే పాడనివ్వలేదు. ఏం చేశారు? తగువు పడ్డారు, ఊరుకోలేదు. ఆపైన మూడో కచ్చి మొదలుపెట్టారు, ఆడవాళ్ళ కచ్చి. 1927 నుంచి మహిళా విద్వాంసులు విడిగా ఆరాధన జరుపుకున్నారు. 1940 ప్రాంతంలో మూడు వర్గాలనూ కూర్చోబెట్టి ఒక్కటి చేసే ప్రయత్నం ఫలించింది. ఎస్.వై. కృష్ణస్వామి అనే ఐసీఎస్ అధికారి, ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ లాంటి విద్వాంసులు అందులో శ్రమపడ్డారు. ఇవాళ వందలమంది విద్వాంసులు వరసగా కూర్చుని పంచరత్న కృతులు ఒక్క గొంతుగా పాడటం చూస్తున్నామే, ఆ పద్ధతి స్థిరపడింది ఈ కలయిక తరవాతే.

ఆ సామూహిక గానాన్ని ఒక భక్తి సన్నివేశంగానే చూస్తాం. నేను పద్దులవాణ్ణి కనుక నాకు ఇంకోలా కనిపిస్తుంది. అక్కడ ఎవరి మైకు వారికి లేదు. ముందు ఎవరు పాడాలి, ఎవరికెంత సేపు అన్న తగాదాకు అందులో చోటు లేదు. అందరూ కలిసి పాడే చోట గౌరవాన్ని పంచాల్సిన అవసరమే పడదు. వర్గాల తగాదా తీర్చడానికి ఇంతకన్నా తెలివైన ఏర్పాటు ఏ బైలాలో రాసి ఉంటుంది? నాగరత్నమ్మ గారు 1952లో కన్నుమూశారు. ఆమె సమాధి కూడా అక్కడే, త్యాగరాజస్వామి సన్నిధికి ఎదురుగా ఉంది. తన ఆస్తిని కూడా ఆ కైంకర్యానికే రాసిచ్చారు, ఆడవాళ్ళకు అక్కడ హక్కు ఉండాలన్న షరతుతో. దాత షరతు పెట్టడమంటే ఇలా ఉండాలి.

ఇక చట్టం మాట. దీన్ని త్వరగా ముగిస్తాను, రేడియోలో సెక్షన్లు వినడం ఎవరికీ ఇష్టం ఉండదు. మన పాత సభలు చాలావరకు 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద పుట్టాయి. తెలంగాణ ప్రాంతంలో 1350 ఫసలీ నాటి నిజాం కాలపు చట్టం ఉండేది. 2001లో రెండింటి స్థానంలో ఉమ్మడి రాష్ట్రానికి కొత్త చట్టం వచ్చింది. ఏడుగురు కలిస్తే సంఘం. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకు అందజేయాలి. ఆ 1860 నాటి చట్టంలో నాకు నచ్చిన సెక్షన్ ఒకటుంది, పంతొమ్మిదోది. ఏ మనిషైనా సరే, సభ్యుడు కానవసరం లేదు, ఒక్క రూపాయి రుసుము కట్టి రిజిస్ట్రారు దగ్గరున్న సంఘం కాగితాలు చూడవచ్చు. 1860లో, తెల్లదొరల పాలనలో, ఒక రూపాయికి దక్కిన హక్కు అది. ఇప్పుడు మీ ఊరి సభ లెక్కలు ఎప్పుడైనా అడిగి చూశారా? 'మా మీద నమ్మకం లేదా' అనే జవాబు వస్తుంది. అమెరికాలో మన తెలుగు సంఘాలు కూడా లాభాపేక్ష లేని సంస్థలుగా నమోదైనవే. పన్నుల శాఖకు అవి ఏటా దాఖలు చేసే ఫారం 990ని ఎవరైనా తెరిచి చదవవచ్చు. అక్కడ అడిగితే ఎవరూ నొచ్చుకోరు. ఆ సంఘాల్లో పదవుల పోటీ మన మునిసిపల్ ఎన్నికలకు తీసిపోదన్నది వేరే సంగతి.

నమ్మకం లేక లెక్క అడగరు. లెక్క చూపిస్తే నమ్మకం నిలుస్తుంది. మా ఊళ్ళో ఉత్సవం అయిన పది రోజుల్లో జమాఖర్చు రాసి గ్రంథాలయం గోడకు అంటిస్తాం. షామియానా ఎంత, డీజిలు ఎంత, శాలువాలు ఎంత. శాలువాల పద్దు విడిగా చూపించడం మొదలుపెట్టాక శాలువాల సంఖ్య దానంతట అదే తగ్గింది, ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. ఇంకో చిన్న సంగతి, విరాళాలు ఇచ్చేవాళ్ళకు ఉపయోగపడుతుంది. రెండు వేలు దాటిన నగదు విరాళానికి ఆదాయపు పన్నులో మినహాయింపు రాదు. కాబట్టి చందా పుస్తకం పట్టుకుని నోట్లు వసూలు చేసే పాత పద్ధతి కన్నా బ్యాంకులో వేయించుకోవడం దాతకూ మంచిది, కోశాధికారి నిద్రకూ మంచిది.

ఇప్పుడు అసలు కష్టమైన మనిషి దగ్గరికి వస్తాను. ఏళ్ళ తరబడి ఒకే సంస్థకు కార్యదర్శిగా ఉన్న పెద్దాయన. ప్రతి ఊళ్ళో ఒకాయన ఉంటారు. ఆయన్ను విమర్శించడం నాకు చేతకాదు, ఎందుకంటే ఆయన లేకపోతే ఆ సంస్థ ఎప్పుడో పోయేది. ఆయన ఇల్లే ఆఫీసు. ఆయన భార్య పెట్టిన కాఫీలకు లెక్క లేదు, ఆమె పేరు ఏ నివేదికలోనూ లేదు. ఏ నటుడికి ఏ కూర పడదో, ఏ హార్మోనిస్టు ఏ బస్సులో వస్తాడో ఆయన తలలోనే ఉంటుంది. మినిట్స్ పుస్తకాలు, పాత కరపత్రాలు, నటుల ఫోటోలు ఆయన బీరువాలోనే ఉంటాయి. కొత్తవాళ్ళకు ఏదైనా పని అప్పజెప్పాలంటే 'వాళ్ళకు తెలియదు' అంటారు. నిజమే, తెలియదు. చెప్పింది ఎవరు కనుక!

ఒక ఊళ్ళో ఇలాంటి పెద్దాయన పోయారు. బ్యాంకు ఖాతాలో రెండు సంతకాలు ఉండాలి, రెండోవారు అంతకుముందే పోయారు. పేర్లు మార్చాలంటే కార్యవర్గ తీర్మానం కావాలి, తీర్మానానికి మినిట్స్ పుస్తకం కావాలి. ఆ పుస్తకం బీరువాలో ఉంది. పిల్లలు పొరుగూరి నుంచి వచ్చి ఇల్లు ఖాళీ చేస్తూ బీరువాలోని కాగితాలన్నీ పాత పేపర్ల బండివాడికి వేసేశారు. వాళ్ళ తప్పేముంది, అవేమిటో వాళ్ళకు ఎవరు చెప్పారు? ఆ ఊరి రంగస్థల చరిత్ర కిలోల లెక్కన పోయింది. ఖాతాలో డబ్బు మాత్రం భద్రంగా ఉంది, తీసేవాడే లేడు.

పదవీకాలానికి హద్దు పెట్టమని నేను ఎక్కడికెళ్ళినా చెబుతాను. మూడేళ్ళు, మహా అయితే రెండు దఫాలు. దిగిపోయినాయనను అవమానించినట్టు కాకుండా ఆయనకు వేరే పని ఇవ్వాలి. ప్రాథమిక పరిశీలనకు ఆయన కన్నా యోగ్యుడు ఎవరుంటారు? ఆ బీరువాలోని ఫోటోల వెనక ఎవరు ఎవరో పేర్లు రాయించుకోవడానికి ఒక కుర్రాణ్ణి ఆయన పక్కన కూర్చోబెట్టాలి. ఆయన చెబుతుంటే కుర్రాడు ఫోన్‌లో రికార్డు చేయాలి. ఆ పెద్దాయనకు కావలసింది కుర్చీ కంటే తనకు తెలిసింది వినే మనిషి అని చాలామంది విషయంలో తేలింది. అందరి విషయంలో కాదు. కొందరికి కుర్చీయే కావాలి. వాళ్ళతో ఓటింగ్ పెట్టాల్సి వస్తుంది, తప్పదు.

కుర్రాళ్ళు రావడం లేదని ఇంకో ఫిర్యాదు. వస్తారు. షార్ట్ ఫిల్ములు తీసుకుంటున్న కుర్రాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. లైటింగ్ వాళ్ళకు తెలుసు, సౌండు తెలుసు. వాళ్ళను పిలిచి మనం చెప్పే పని ఏమిటి? కుర్చీలు వేయమంటాం, నీళ్ళ సీసాలు అందించమంటాం, అతిథికి ఎదురెళ్ళి బొకే ఇవ్వమంటాం. ఒక సాయంత్రం లైటింగ్ పూర్తిగా వాళ్ళకు వదిలేసి చూడండి. మొదటి నాటికలో నటుడి ముఖం చీకట్లో ఉండిపోవచ్చు, రెండోదానికి సర్దుకుంటారు. ఆడవాళ్ళ సంగతి కూడా అంతే. మహిళా విభాగం అని ఒకటి పెట్టి ముగ్గుల పోటీ అప్పజెప్పడం వాళ్ళను కార్యవర్గంలోకి తీసుకున్నట్టు కాదు. చెక్కు మీద సంతకం ఇవ్వండి, ప్రాథమిక పరిశీలనకు పంపండి.

మా పరిషత్తులో ఆమధ్య ఒక తీర్మానం చేశాం. ప్రదర్శనల ముందు సభ ఉండదు. అతిథులు, దాతలు, కార్యవర్గం అందరూ ముందు వరసలో ప్రేక్షకులతో పాటే కూర్చుంటారు. వ్యాఖ్యాత వాళ్ళ పేర్లు చదువుతాడు, వాళ్ళు లేచి నమస్కారం పెడతారు. చివరి రోజు బహుమతుల వేళ మాత్రం ఒక్క సభ. పత్రికలో మొదటి పేజీ నాటికలకు, వాటి రచయితలకు, నటులకు. కార్యవర్గం చివరి పేజీలో, పదవి పేరు పక్కన ఆ ఏడు ఎవరు ఏ పని చూశారో రాసి. విడిది ఫలానా, భోజనాలు ఫలానా, పారితోషికాలు ఫలానా. పనేమీ లేని పదవికి పక్కన ఏం రాయాలో తెలియక ప్రెస్సువాడు ఖాళీ వదిలేశాడు. ఆ ఖాళీలు చూసుకుని ఇద్దరు పెద్దమనుషులు మరుసటి ఏడు తమంతట తామే ఒకరు జనరేటరు, ఒకరు బస్‌స్టాండు దగ్గర సమాజాలను దించుకునే పని తీసుకున్నారు. ఒక దాత మాత్రం కోపగించి ఆ ఏడు చందా ఇవ్వలేదు. ఆ లోటు చిన్నదేమీ కాదు, ఒక సమాజం పారితోషికమంత. చిన్న చందాలతో పూడ్చడానికి వర్షాకాలమంతా తిరగాల్సి వచ్చింది.

ఇంతకీ ఆ ఏడు మూడో నాటిక తొమ్మిదికి మొదలై, పదికి పది నిమిషాల ముందు అయిపోయింది. కానిస్టేబుల్ కూడా చివరిదాకా కూర్చుని చూశాడు. వచ్చే నెల మా సర్వసభ్య సమావేశం. కార్యదర్శి పదవికి ఈసారి రెండు నామినేషన్లు వచ్చాయి. ఒకటి మేకప్ గది చూసుకునే టీచరమ్మది. ఏకగ్రీవం చేద్దామని పెద్దలు బతిమాలుతున్నారు. నేను మాత్రం బ్యాలెట్ పెట్టె తుడిపించి ఉంచాను.